ఈబీ-5 పెట్టుబడి వీసా: మరో దరఖాస్తు పెండింగులో ఉన్నప్పుడు అర్హత

2025 జనవరి నెలకు అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చిన వీసా బులెటిన్‌లో భారతీయుల ఈబీ-2 గడిలో ఉన్న తేదీ 2012 అక్టోబరు 1. ఆ రోజుకు ముందు వరుసలో చేరినవాళ్ళకు మాత్రమే ఆ నెలలో ఉద్యోగం ఆధారంగా గ్రీన్‌కార్డు ఇవ్వగలరు. అదే పట్టికలో ఇంకాస్త కిందికి వెళ్తే ఈబీ-5 పెట్టుబడి వీసాలు కనిపిస్తాయి. వాటిలో గ్రామీణ ప్రాంతాలకు, నిరుద్యోగం ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు, మౌలిక వసతులకు కేటాయించిన గడుల్లో తేదీయే లేదు. 'సి' అనే అక్షరం ఉంది. సి అంటే కరెంట్, అంటే క్యూ లేదు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పన్నెండేళ్ళుగా పనిచేస్తూ, కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి, వరుసలో తమ తేదీ, అంటే ప్రయారిటీ డేట్ కోసం నెలనెలా ఎదురుచూస్తున్న కుటుంబానికి ఈ రెండు గడులూ పక్కపక్కన కనిపించగానే ఒక ప్రశ్న పుడుతుంది. ఇప్పటికే ఒక దరఖాస్తు నడుస్తుండగా పెట్టుబడి వీసాకు అర్హత ఉంటుందా? రెండోది పెడితే మొదటిది పోతుందా?

అర్హత ఉంటుంది, మొదటిది పోదు. ఒకే మనిషి పేరు మీద ఎన్ని వలస పిటిషన్లైనా ఉండవచ్చు. అన్నయ్య వేసిన కుటుంబ పిటిషన్, కంపెనీ వేసిన ఐ-140, తనకు తానే వేసుకున్న ఈబీ-5 పిటిషన్ ఏకకాలంలో సాగవచ్చు. గందరగోళమంతా 'అప్లికేషన్' అనే ఒక్క మాటతో వస్తుంది. రోజువారీ మాటల్లో అన్నీ అప్లికేషన్లే. చట్టం దృష్టిలో మాత్రం ఇవి మూడు వేరువేరు సంగతులు. ఒకటి, వరుసలో చోటు ఇచ్చే పిటిషన్. రెండు, ఇవాళ ఆ దేశంలో ఏ హోదాలో ఉన్నారన్నది. మూడు, గ్రీన్‌కార్డు చేతికిచ్చే చివరి దరఖాస్తు, అంటే ఐ-485. పిటిషన్లు ఒకదానికొకటి అడ్డురావు. చిక్కులన్నీ రెండో మెట్టు దగ్గర, మూడో మెట్టు దగ్గర వస్తాయి.

ఈబీ-5ను 1990 వలస చట్టం సృష్టించింది. కొత్త వ్యాపారంలో పెట్టుబడి పెట్టి, అర్హులైన పదిమందికి పూర్తికాలపు ఉద్యోగాలు కల్పించిన విదేశీయుడికి, అతని భార్యకు లేదా భర్తకు, 21 ఏళ్ళు నిండని పెళ్ళికాని పిల్లలకు గ్రీన్‌కార్డు ఇవ్వడం దీని సారాంశం. మొదట్లో మొత్తం 10 లక్షల డాలర్లు, ప్రత్యేక ప్రాంతాల్లో అయితే 5 లక్షలు. 2019 నవంబరులో దాన్ని 18 లక్షలకు, 9 లక్షలకు పెంచారు. ఆ నిబంధనను 2021 జూన్‌లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు కొట్టేసింది. అదే నెలాఖరుకు, పెట్టుబడిదారుల్లో ఎక్కువమంది వాడుకునే, పలువురి సొమ్మును ఒకే ప్రాజెక్టులోకి చేర్చే రీజినల్ సెంటర్ పథకానికి గడువు కూడా తీరిపోయింది. 2022 మార్చి 15న సంస్కరణల చట్టం వచ్చాకే ఈ విభాగం మళ్ళీ ఊపిరి పీల్చుకుంది. ఆ చట్టం ప్రకారం పెట్టుబడి 10,50,000 డాలర్లు. గ్రామీణ, అధిక నిరుద్యోగ ప్రాంతాల్లోను, మౌలిక వసతుల ప్రాజెక్టుల్లోను 8 లక్షలు. ఈబీ-5 వీసాల్లో 20 శాతం గ్రామీణ ప్రాంతాలకు, 10 శాతం నిరుద్యోగ ప్రాంతాలకు, 2 శాతం మౌలిక వసతులకు విడిగా పెట్టారు. భారతీయులకు కరెంట్‌గా కనిపించిన గడులు ఇవే. కేటాయింపులేని సాధారణ ఈబీ-5లో భారతీయులకు క్యూ ఉంది.

పాత వరుసలో సంపాదించుకున్న తేదీ కొత్త వరుసలోకి వస్తుందా అన్నది చాలామంది మొదట అడిగే మాట. రాదు. ఈబీ-1, ఈబీ-2, ఈబీ-3ల మధ్య ప్రయారిటీ డేట్‌ను మార్చుకోవచ్చు. అందుకే ఈబీ-2 నుంచి ఈబీ-3కి 'డౌన్‌గ్రేడ్' చేసుకున్న తెలుగువాళ్ళు 2020 చివర్లో అంతమంది కనిపించారు. ఈబీ-5కు ఆ వంతెన లేదు. 2013 నాటి ఈబీ-2 తేదీ చేతిలో ఉన్నా, ఈబీ-5 పిటిషన్ ఏ రోజు వేస్తే ఆ రోజే దాని తేదీ. ఈ కారణంగానే భారతీయులు కేటాయింపు ఉన్న విభాగాల వైపు చూస్తారు. అక్కడ క్యూ లేనంతకాలం కొత్త తేదీ వల్ల నష్టం లేదు. అయితే ఒక్కో దేశానికి 7 శాతం అనే పరిమితి వీటికీ వర్తిస్తుంది కాబట్టి, గిరాకీ పెరిగితే ఇక్కడ కూడా తేదీ పడవచ్చు.

రెండో మెట్టు హోదా. హెచ్-1బీ, ఎల్-1 వీసాలకు చట్టం ద్వంద్వ ఉద్దేశాన్ని అనుమతించింది. తాత్కాలికంగా పనిచేస్తూనే శాశ్వతంగా ఉండాలని కోరుకోవడం తప్పుకాదు. అందువల్ల హెచ్-1బీ మనిషి ఈబీ-5 పిటిషన్ వేసినా అతని ఎక్స్‌టెన్షన్‌కు గానీ స్టాంపింగ్‌కు గానీ అది అడ్డం కాదు. ఎఫ్-1 విద్యార్థి సంగతి వేరు. చదువు పూర్తయ్యాక తిరిగి వెళ్తానని చెప్పి తెచ్చుకున్న వీసా అది. విజిటర్ వీసా కూడా అంతే. పిటిషన్ వేసిన విద్యార్థి అమెరికాలోనే ఉండి చదువు కొనసాగించవచ్చు. అక్క పెళ్ళికని ఇంటికి వచ్చి, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో వీసా రెన్యువల్‌కు నిలబడితే మాత్రం, వలస ఉద్దేశం లేదని అధికారిని నమ్మించడం చాలా కష్టం. డీఎస్-160 ఫారంలో వలస పిటిషన్ ఉందా అన్న ప్రశ్న ఉంటుంది. ఉన్నదాన్ని లేదని రాస్తే అది తప్పుడు సమాచారం కిందికి వస్తుంది. ఆ ముద్ర పడ్డవారికి జీవితాంతం ప్రవేశం నిరాకరించవచ్చు. వీసా తిరస్కరణ తర్వాతి ప్రయత్నంలో సరికావచ్చు, ఆ ముద్ర మాత్రం అంత తేలిగ్గా పోదు.

పెట్టుబడి పెట్టే ఉద్దేశంతోనే విజిటర్ వీసా మీద దిగి, వెంటనే ఐ-485 వేయడం కూడా ఇలాంటి ప్రమాదమే. అడుగుపెట్టిన 90 రోజుల్లోపు వీసా ఉద్దేశానికి విరుద్ధమైన పని చేస్తే, మొదటి నుంచీ అదే ఆలోచన ఉందని విదేశాంగ శాఖ అధికారులు భావించే వీలుంది.

2022 చట్టంలో భారతీయులకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చింది డాలర్ల లెక్క కాదు, మూడో మెట్టులో వచ్చిన మార్పు. అంతకుముందు ఈబీ-5 పిటిషన్ అప్రూవ్ అయ్యేదాకా ఐ-485 వేయడానికి వీల్లేదు. ఇప్పుడు వీసా నంబరు అందుబాటులో ఉంటే, అమెరికాలో చట్టబద్ధంగా ఉన్నవారు ఈబీ-5 పిటిషన్‌నూ, అంటే ఐ-526ఈనీ, ఐ-485నూ ఒకేసారి వేయవచ్చు. దానితోపాటే పని అనుమతి పత్రం, అంటే ఈఏడీకీ, విదేశాలకు వెళ్ళిరావడానికి అడ్వాన్స్ పెరోల్‌కూ దరఖాస్తు చేసుకోవచ్చు. అవి రాగానే భార్య లేదా భర్త ఎక్కడైనా ఉద్యోగం చేయవచ్చు. హెచ్-1బీ ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో కంపెనీని వెతుక్కోవాలనే భయం సగానికి సగం తగ్గుతుంది. 2022, 2023 లేఆఫ్‌లు చూసిన కుటుంబాలకు ఈ మాట విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడే ఒక తప్పుటడుగు పడుతుంది. ఈఏడీ చేతికి రాగానే హెచ్-1బీని వదిలేయడం. ఐ-485 పెండింగులో ఉన్న కాలం దేశంలో ఉండటానికి అనుమతించిన కాలమే గానీ, దానంతట అది ఒక వీసా హోదా కాదు. ఐ-526ఈ తిరస్కరణకు గురైతే దాని మీద నిలబడ్డ ఐ-485 కూడా కూలుతుంది. అప్పుడు కింద హెచ్-1బీ ఉంటే ఆ మనిషి ఎప్పటిలాగే ఉద్యోగానికి వెళ్తాడు. లేకపోతే ఆ రోజు నుంచే రోజులు లెక్కించుకోవాలి. ప్రయాణాల్లోనూ ఇదే తేడా. అడ్వాన్స్ పెరోల్ రాకముందు దేశం దాటితే ఐ-485ను వదులుకున్నట్టు లెక్క. హెచ్-1బీ, ఎల్-1 హోదాలో ఉండి, అదే హోదాలో తిరిగి వచ్చేవారికి మాత్రం ఆ షరతు లేదు. అమ్మకు బాగోలేదని అర్ధరాత్రి ఫోను వచ్చినప్పుడు ఈ ఒక్క మినహాయింపే విమానం ఎక్కనిస్తుంది.

హెచ్-1బీకి ఆరేళ్ళ పరిమితి ఉందన్నది తెలిసిందే. ఆ తర్వాత ఎక్స్‌టెన్షన్లు ఇచ్చేది ఈబీ-1, ఈబీ-2, ఈబీ-3ల కింద అప్రూవ్ అయిన ఐ-140, లేదా ఏడాది దాటి పెండింగులో ఉన్న లేబర్ సర్టిఫికేషన్. ఏడో ఏడాది హెచ్-1బీకి ఈబీ-5 పిటిషన్‌ను నమ్ముకోలేం. కొత్త దరఖాస్తు వచ్చింది కదా అని కంపెనీ ద్వారా సాగుతున్న పాత ఫైలును ఆపమనే ఆలోచన ఇందువల్లే ప్రమాదకరం. ఐ-485 ఆమోదం చేతికి వచ్చేదాకా ఆ ఐ-140యే హెచ్-1బీకి ఊపిరి.

ఇప్పటికే ఈబీ-2 లేదా ఈబీ-3 కింద ఐ-485 వేసి, తేదీ వెనక్కి వెళ్ళడంతో ఆగిపోయినవాళ్ళు వేరే వర్గం. 2020 అక్టోబరులో తేదీలు ఒక్కసారిగా ముందుకు జరిగినప్పుడు దరఖాస్తు వేసి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఈఏడీ రెన్యువల్స్‌తో నెట్టుకొస్తున్నవారు ఇందులో ఉన్నారు. వాళ్ళకు రెండు దారులున్నాయి. ఈబీ-5 కింద కొత్తగా ఇంకో ఐ-485 వేయడం ఒకటి. ఉన్న ఐ-485నే పట్టుకుని, దాని ఆధారాన్ని ఈబీ-2 నుంచి ఈబీ-5కు మార్చమని రాతపూర్వకంగా అడగడం రెండోది. లాయర్లు దీన్ని ఇంటర్‌ఫైలింగ్ అంటారు. ఇది హక్కు కాదు, అధికారి విచక్షణ. పాత దరఖాస్తు మధ్యలో తెగకుండా పెండింగులో ఉండాలి, కొత్త విభాగంలో వీసా నంబరు అందుబాటులో ఉండాలి, ఆ విభాగానికి అర్హత కూడా ఉండాలి. హెచ్-1బీ ఎప్పుడో ముగిసిపోయి ఈఏడీ మీదే పనిచేస్తున్నవారు కొత్త ఐ-485 వేస్తే, ఆ రోజున మీ హోదా ఏమిటన్న ప్రశ్న ఎదురవుతుంది. వాళ్ళకు ఇంటర్‌ఫైలింగ్ అవకాశాన్ని లాయర్లు ముందుగా పరిశీలించేది అందుకే.

హోదా కాస్త తప్పినంత మాత్రాన అన్నీ మూసుకుపోవు. వలస చట్టం 245వ సెక్షన్‌లోని 'కే' ఉపవిభాగం, చివరిసారి చట్టబద్ధంగా ప్రవేశించిన తర్వాత మొత్తం 180 రోజులకు మించని ఉల్లంఘనను మన్నిస్తుంది. 2022 చట్టం ఈబీ-5ను కూడా ఆ జాబితాలో చేర్చింది. ఆశ్రయం కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నవారికి ఇది కీలకం. ఆశ్రయం దరఖాస్తు ఉన్నంతమాత్రాన ఈబీ-5 పిటిషన్ వేయకూడదని ఏమీ లేదు. కానీ పెండింగ్‌లో ఉన్న ఆశ్రయం దరఖాస్తు హోదా ఇవ్వదు. విద్యార్థి వీసా తీరిపోయి రెండేళ్ళయి, ఆశ్రయం దరఖాస్తు మీద ఉంటున్న మనిషి పిటిషన్ గెలిచినా అమెరికాలో కూర్చుని గ్రీన్‌కార్డు తీసుకోవడం సాధారణంగా సాధ్యం కాదు. స్వదేశంలోని కాన్సులేట్‌కు వెళ్ళాలి. ప్రాణభయం ఉందని చెప్పిన దేశానికే తిరిగి వెళ్తే ఆ మొదటి దరఖాస్తు మాట ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. భారతీయుల ఉద్యోగ, పెట్టుబడి వలస వీసాల ఇంటర్వ్యూలు ముంబైలో జరుగుతాయి.

పెండింగ్ దరఖాస్తుల గురించి ఇంత చర్చ జరిగినా, ఈబీ-5 ఫైలులో ఎక్కువ కాగితాలు తినేది డబ్బు మూలం. 8 లక్షల డాలర్లు ఎక్కడి నుంచి వచ్చాయో, ఏ దారిన వచ్చాయో ప్రతి అడుగూ చూపించాలి. ఏడేళ్ళ పన్ను రిటర్నులు అడుగుతారు. తండ్రి బహుమతిగా ఇస్తే తండ్రి సంపాదన కథ కూడా చెప్పాలి. అమెరికాలో సంపాదించినవాళ్ళు జీతం పొదుపు, కంపెనీ షేర్లు, 401(కే) ఖాతా, ఇంటి మీద తీసుకున్న రుణం కలిపి చూపుతారు. అప్పు తెచ్చిన సొమ్మును నగదు పెట్టుబడిగా పరిగణించాల్సిందేనని 2020లో జాంగ్ కేసులో వాషింగ్టన్ డీసీ అప్పీళ్ళ కోర్టు తేల్చాక ఈ దారి కొంత సులువైంది.

తెలుగు కుటుంబాల ఫైళ్ళలో మాత్రం ఎక్కువగా కనిపించేది భూమి. రంగారెడ్డి జిల్లాలోనో గుంటూరు దగ్గరో తాతల నాటి పొలం అమ్మి కొడుక్కో కూతురికో ఇవ్వాలనుకుంటారు. పట్టాదారు పాస్‌పుస్తకం, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, సేల్ డీడ్, వారసత్వ ధ్రువపత్రం అన్నీ ఉన్నాయనే అనుకుందాం. రిజిస్ట్రేషన్ విలువకూ అసలు ధరకూ తేడా ఉండి, ఆ తేడా నగదుగా చేతులు మారితే, ఆ నగదు ఈబీ-5 లెక్కలో లేనట్టే. సేల్ డీడ్‌లో కోటి, చెప్పేది మూడు కోట్లు అయితే అధికారి కోటినే చూస్తాడు. మిగతా రెండు కోట్ల గురించి ప్రశ్నలు వేస్తాడు. ఒక లావాదేవీలో 2 లక్షలూ అంతకు మించీ నగదు తీసుకోవడాన్ని 2017 ఏప్రిల్ నుంచి మన ఆదాయపు పన్ను చట్టమే నిషేధించింది. పొలం అమ్మకముందే ఈ సంగతి తెలియకపోతే, అమ్మాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. ఎంతో ఆశతో పెద్దలు అమ్ముకున్న భూమి ఇలా కాగితాల దగ్గర ఆగిపోవడం బాధాకరం.

డబ్బు దేశం దాటించడానికీ లెక్క ఉంది. భారతదేశంలో ఉండే ఒక్కో వ్యక్తి రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. అమ్మానాన్నలిద్దరూ మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఇంకోసారి పంపితే కొన్ని వారాల తేడాలోనే 10 లక్షల డాలర్ల వరకు సర్దవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి ఇలాంటి బదిలీల్లో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్ బ్యాంకు పట్టుకుంటుంది. పన్ను రిటర్నులో అది తిరిగి సర్దుబాటవుతుంది గానీ, ఆలోపు ఆ సొమ్ము చేతిలో ఉండదు. భూమి ఎన్‌ఆర్‌ఐ పేరు మీదే ఉంటే ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు తీసుకెళ్ళవచ్చు.

ఒకటికి మించి దరఖాస్తులు ఉన్నవారు పట్టించుకోవాల్సిన ఇంకో విషయం, అవన్నీ ఒకే మాట చెప్పడం. ఐ-140లో చూపిన ఉద్యోగ చరిత్ర, హెచ్-1బీ ఫైలులోని జీతం, వీసా ఫారాల్లో రాసిన చిరునామాలు, ఈబీ-5లో చూపిన ఆదాయం అన్నీ ఒకే ప్రభుత్వం దగ్గరికి చేరతాయి. 2014లో ఒక కన్సల్టెన్సీ రాయించిన అనుభవ పత్రంలో తేడా ఉంటే అది పదేళ్ళ తర్వాత పెట్టుబడి ఫైలులో బయటపడవచ్చు. కొత్త పిటిషన్ వేసేముందు పాత ఫైళ్ళ ప్రతులన్నీ దగ్గర పెట్టుకుని చదవడం ఖర్చులేని జాగ్రత్త.

పిల్లల వయసు చాలామందిని ఈ వైపు నెడుతుంది. నాలుగేళ్ళప్పుడు హెచ్-4 మీద వచ్చిన పాప ఈబీ-2 క్యూలోనే 21 దాటితే తల్లిదండ్రుల దరఖాస్తులోంచి జారిపోతుంది. 2002 నాటి పిల్లల హోదా రక్షణ చట్టం ప్రకారం, వీసా నంబరు అందుబాటులోకి వచ్చిన నాటి వయసులోంచి పిటిషన్ పెండింగులో ఉన్న కాలాన్ని తీసేసి లెక్కిస్తారు. క్యూ లేని ఈబీ-5 విభాగంలో ఈ లెక్క పాపకు అనుకూలంగా ఉంటుంది. అప్పటికే 21 నిండిన పిల్లలు తమ పేరుతో తామే పెట్టుబడి పెట్టాలి.

ఈబీ-5 పక్కనే వినిపించే ఈ-2 ట్రీటీ ఇన్వెస్టర్ వీసా భారత పౌరులకు లేదు, రెండు దేశాల మధ్య అలాంటి ఒప్పందం లేనందువల్ల. కెనడా, ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్ళకు ఉంది. వలస పిటిషన్ ఉందన్న ఒక్క కారణంతో ఈ-2ను తిరస్కరించకూడదని నిబంధనలు చెబుతాయి. అయినా గడువు తీరాక వెళ్ళిపోతానన్న ఉద్దేశం చూపాలి. గ్రెనడా లాంటి దేశంలో పౌరసత్వం కొనుక్కుని ఈ-2కు వెళ్ళే దారిని 2022 డిసెంబరు చట్టం బిగించింది. అలా పౌరసత్వం పొందినవారు ఆ దేశంలో కనీసం మూడేళ్ళు స్థిరంగా ఉండి ఉండాలి. 2025 సెప్టెంబరులో ప్రకటించిన గోల్డ్ కార్డు పెట్టుబడి కాదు, ప్రభుత్వానికి 10 లక్షల డాలర్ల కానుక. అది ఈబీ-1, ఈబీ-2 నంబర్లనే వాడుకుంటుంది కనుక భారతీయులకు ఆ క్యూ అలాగే ఉంటుంది. ఇతర దేశాల పద్ధతి వేరు. బ్రిటన్‌లో ఉంటూ పెట్టుకునే దరఖాస్తు ఒకసారికి ఒక్కటే నడుస్తుంది, కొత్తది వేస్తే పాతది దానిలోకి మారిపోతుంది. అక్కడి ఇన్వెస్టర్ వీసాను 2022 ఫిబ్రవరి 17న పూర్తిగా మూసేశారు.

పాత ఫైలును బతికించుకోవడం ఎందుకు ముఖ్యమో వెర్మాంట్ రాష్ట్రంలోని జే పీక్ ఉదంతం చూపిస్తుంది. మంచుక్రీడల విహార కేంద్రం, దాని అనుబంధ ప్రాజెక్టుల కోసం 70కి పైగా దేశాల పెట్టుబడిదారుల నుంచి 35 కోట్ల డాలర్లకు మించి సేకరించారు. అందులో 20 కోట్లకు పైగా దారి మళ్ళిందని 2016 ఏప్రిల్‌లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ ఆరోపించింది. యజమాని ఏరియల్ కిరోస్‌కు 2022లో ఐదేళ్ళ జైలు పడింది. డబ్బు పోయినవాళ్ళలో కొందరికి గ్రీన్‌కార్డు కూడా అందని పరిస్థితి ఏర్పడింది. 2022 చట్టం ఆడిట్లు, నిధుల పర్యవేక్షణ పెట్టి, రీజినల్ సెంటర్ రద్దయితే పెట్టుబడిదారుడు 180 రోజుల్లో ఇంకోదానికి మారే వీలు కల్పించింది. పెట్టుబడికి మాత్రం హామీ లేదు. నష్టభయం లేని సొమ్ముకు అసలు అర్హతే లేదని చట్టం అంటుంది. ప్రాజెక్టు పత్రాలు చదవగల స్వతంత్ర ఆర్థిక నిపుణుడు, ప్రాజెక్టుతో సంబంధం లేని వలస లాయరు ఇద్దరూ అవసరమయ్యేది ఇక్కడే.

ఐ-485 ఆమోదం పొందాక వచ్చేది రెండేళ్ళ షరతులతో కూడిన గ్రీన్‌కార్డు. ఆ గడువు తీరడానికి ముందున్న 90 రోజుల్లో ఐ-829 వేసి, ఉద్యోగాలు వచ్చాయని రుజువు చేస్తేనే షరతులు తొలగుతాయి. రీజినల్ సెంటర్ పథకానికి ప్రస్తుత గడువు 2027 సెప్టెంబరు 30. పథకం ఆ తర్వాత ఏమైనా, 2026 సెప్టెంబరు 30 లోపు వేసిన పిటిషన్ల పరిశీలన ఆగదని చట్టం హామీ ఇస్తోంది. కనీస పెట్టుబడి మొత్తాలను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచే మొదటి తేదీ 2027 జనవరి 1.